ర్యాంపు దగ్గరే ఆగిపోయిన చదువు

నేను పదవీ విరమణ చేసిన జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలవారు ఆ మధ్య వార్షికోత్సవానికి పిలిస్తే వెళ్ళాను. ఇప్పటి ప్రధానోపాధ్యాయులు నన్ను వరండా చివరికి తీసుకువెళ్ళి సిమెంటు ర్యాంపు చూపించారు. దానికొక ఇనుప కమ్మీ, గోడమీద చక్రాల కుర్చీ బొమ్మ. "ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు మన బడిలో ఏ లోటూ లేదు మాస్టారూ" అన్నారు. ఆ ర్యాంపు మీద రెండు సైకిళ్ళు నిలిపి ఉన్నాయి. శాలువా కప్పించుకోవడానికి వెళ్ళినవాడిని, అక్కడ నోరు విప్పడం మర్యాద కాదని ఊరుకున్నాను. ఇక్కడ ఆ మొగమాటం అక్కరలేదు కనుక వ్రాస్తున్నాను.

నా అభియోగం ఒక్కటే. మన ఉన్నత పాఠశాలకు ఈ పిల్లలు రెండు చోట్లనే కనబడతారు: గుమ్మం దగ్గర, పదవ తరగతి పరీక్ష గదిలో. గుమ్మం దగ్గర ర్యాంపు కడతాం. పరీక్షలో లేఖకుణ్ణిచ్చి, అదనపు సమయం కలుపుతాం. నడుమనున్న అయిదేళ్ళలో ఆ పిల్లవాడికి ఎవరు ఏమి నేర్పారో ఏ రిజిస్టరులోనూ ఉండదు.

ఈ నేరంలో మొదటి ముద్దాయిని నేనే. 1998లో నా ఎనిమిదవ తరగతిలో ఒక కుర్రవాడుండేవాడు. పద్యం ఒకమారు చదివితే చాలు, పదవిభాగం చెడకుండా తిరిగి అప్పజెప్పేవాడు. పుస్తకం చేతికిస్తే మాత్రం మొదటి పాదమే దాటలేడు. ఒత్తులు తారుమారు, గుణింతం తారుమారు. నేనేం చేశాను? నూరుమార్లు వ్రాయమన్నాను. బెంచీ ఎక్కించాను. చివరికి వాళ్ళ నాన్నను పిలిపించి "వీడికి చదువు అబ్బదు, ఏదైనా పనిలో పెట్టుకోండి" అన్నాను. ఆయన నా మాట మన్నించాడు. పదవ తరగతి మెట్టు ఆ కుర్రవాడు ఎక్కలేదు.

అప్పటి 1995 చట్టంలో ఉన్నవి ఏడు వైకల్యాలే, అభ్యసన వైకల్యం వాటిలో లేదు. ఆ మాట చెప్పి నేను తప్పించుకోవచ్చు. కానీ విన్న పద్యాన్ని విన్నట్టు చెప్పగలిగినవాడు మొద్దు కాడని గ్రహించడానికి చట్టమెందుకు? చెవులుంటే చాలు. ఆ చెవులు నాకు లేకపోయాయి.

2016 చట్టం ఆ జాబితాను 21కి పెంచింది, అభ్యసన వైకల్యాన్నీ చేర్చింది. అందులో 16వ సెక్షన్‌ను ప్రతి ఉపాధ్యాయుడూ చదవాలని నా మనవి. మొదటి అంశం, వివక్ష లేకుండా చేర్చుకోవడం. రెండవది, భవనం అందుబాటులో ఉండడం. మనవాళ్ళు అంతవరకు చదివి పుస్తకం మూసేసినట్టున్నారు. అసలైనవి ఆ తరువాతే ఉన్నాయి: ఒక్కొక్క పిల్లవాడి అవసరాన్ని బట్టి సర్దుబాట్లు, చూపు లేనివారికీ వినబడనివారికీ తగిన భాషలో, తగిన పద్ధతిలో బోధన, అభ్యసన వైకల్యాన్ని వీలైనంత త్వరగా గుర్తించి తగిన బోధనా చర్యలు, ప్రతి ఒక్కరి ప్రగతిపై కనిపెట్టి ఉండడం. వీటిలో ఏ ఒక్కటీ సిమెంటుతో అయ్యేది కాదు. (వికలాంగులను దివ్యాంగులనడం మాత్రం ఎంత త్వరగా నేర్చుకున్నామో! పైసా ఖర్చులేని సంస్కరణ గదా.)

"యాభైమంది ఉన్న తరగతిలో ఒక్కడికోసం ఆగితే పాఠం ఏమవుతుంది?" అని మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, కాదనను. కానీ దాన్ని అడగవలసింది ప్రభుత్వాన్ని. మాధ్యమిక స్థాయిలో పదిహేనుమంది ఇలాంటి పిల్లలకొక ప్రత్యేక ఉపాధ్యాయుడుండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. తెలంగాణలో 2024 డీఎస్సీ ప్రకటనలోని 11,062 కొలువుల్లో ప్రత్యేక విద్య స్కూల్ అసిస్టెంట్లవి 220. జిల్లాలు 33. జిల్లాకు ఏడుగురు కూడా రారు. మండల కేంద్రంలోని భవిత కేంద్రం ఉంది కదా అంటారా? అక్కడి రిసోర్స్ టీచర్లు ఏళ్ళ తరబడి ఒప్పంద పద్ధతిలోనే పనిచేశారు. ఎన్ని బడులు తిరగగలరు వాళ్ళు మాత్రం?

అయితే అందాకా మనం చేతులు కట్టుకుని కూర్చోవాలా? నల్లబల్ల మీద వ్రాసినదాన్ని పైకి చదవడానికి జీవో కావాలా? వినబడని పిల్ల వైపు ముఖం తిప్పి మాట్లాడడానికి నిధులు కావాలా? చదవలేనివాణ్ణి నోటితో చెప్పమని అడగడానికి ఎవరి అనుమతి కావాలి?

ఆనాడు సభ ముగిశాక ఉండబట్టలేక ప్రధానోపాధ్యాయులను ఒక్క ప్రశ్న అడిగాను. ఏడవ తరగతిలో వినికిడి లోపమున్న అమ్మాయి ముందు వరుసలో కూర్చుని కనబడింది. తెలుగు పీరియడులో ఆ అమ్మాయి ఏం చేస్తుందని అడిగాను. ఆయన ఎంతో ఆప్యాయంగా, "చాలా బుద్ధిమంతురాలండీ. అల్లరే చేయదు, ఎక్కడ కూర్చోబెడితే అక్కడే కూర్చుంటుంది" అన్నారు.

ఇంటికి వచ్చి ఆయనకొక ఉత్తరం వ్రాశాను. వారానికి రెండు రోజులు నేనే వస్తాననీ, ఆ అమ్మాయి పక్కన, ఆమెలాంటివారు ఇంకెవరైనా ఉంటే వారి పక్కన కూర్చుంటాననీ, జీతభత్యాలు అక్కరలేదనీ. చివర, ఆ సైకిళ్ళు తీయించమని కూడా వ్రాశాను. జవాబు ఇంకా రాలేదు.