సీసాలో పోస్తే ఫ్లేవర్, తండాలో కాస్తే నేరమా?

ఆదోని, ఎమ్మిగనూరు వైపు నాటుసారా అనగానే పేపర్లో ఒకే ఫొటో వస్తుంది. పగలగొట్టిన డ్రమ్ములు, నేల మీద పారుతున్న బెల్లం ఊట, పక్కన నిలబడ్డ అధికారులు. కింద ఫలానా తండా అని పేరు. ఆ ఒక్క వార్తతో తండా మొత్తానికీ మచ్చ పడుతుంది. సారా కాసింది ఇద్దరే కావచ్చు. స్కూల్లో మాటలు పడేది మాత్రం తండా పిల్లలందరూ.

సారాను వెనకేసుకు రావడానికి ఈ మాటలు రాయడం లేదు. సారా వల్ల మన ఇళ్లలో ఆడవాళ్లు ఎంత ఏడ్చారో మనకు తెలుసు. సేవాలాల్ మహారాజ్ కూడా మత్తు వద్దనే చెప్పాడని మన పెద్దలు అంటారు. అయినా సారా గురించి ఒక మాట తేల్చుకోవాలి. అది రుచి గురించిన మాట.

ఏజెన్సీలో ఇప్పసారాకు పైనుంచి ఏమీ కలపాల్సిన పని లేదు. పువ్వులోనే తీపి ఉంది, పువ్వులోనే వాసన ఉంది. ఆదిలాబాద్ గోండులు దాన్ని ముందు దేవుళ్లకు, పెద్దలకు పెడతారు. మన పడమటి కర్నూలులో ఆ ఇప్ప అడవులు లేవు. మనది పత్తి, జొన్న, వేరుశనగ పండే మెట్టనేల. ఇక్కడ సారా అంటే బెల్లం, తుమ్మచెక్క. చెక్కతో వగరు వస్తుంది. ఎవరైనా ఇంట్లో పెళ్లికో పండక్కో కాసుకుంటే అందులో సోంపు, యాలకులు, శొంఠి, నారింజ తొక్క లాంటివి వేసేవాళ్లు. ఏ ఇంటి చెయ్యి ఆ ఇంటిది. నోట్లో పెట్టుకుంటే ఇది ఫలానా అవ్వ చేసింది అని తెలిసేది. తెలిసిందంటే జవాబుదారీ కూడా ఉన్నట్టే. తాగినోడు మరుసటి రోజు ఎదురుపడతాడు కాబట్టి చేసినోళ్లకు భయం ఉండేది.

సారా వ్యాపారమయ్యాక ఆ పేరు పోయింది. బట్టీ ఒకడిది, బెల్లం పెట్టుబడి ఇంకొకడిది, ప్యాకెట్ అమ్మేది మూడోవాడు. తాగేవాడికి ఎవరు చేశారో తెలీదు. అప్పుడు రుచి కోసం కాదు, ‘కిక్కు’ కోసం కలపడం మొదలైంది. నల్లబెల్లం ఊటలో పటిక, నవాసారం, యూరియా దాకా వచ్చింది. యాలకులు వేసే చేతికీ యూరియా వేసే చేతికీ మధ్య ఎంత దూరముందో చట్టానికి కనపడదు. మనకైనా కనపడాలి కదా.

తమ్ముళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన విషయం ఇంకోటుంది. రుచితో విషాన్ని పట్టలేం. మిథనాల్ రుచీ వాసనా మామూలు మద్యం లాగే ఉంటాయి. మసాలా వేస్తే అది పోదు, ఇంకా దాక్కుంటుంది. 2024 జూన్‌లో తమిళనాడు కళ్లకురిచ్చిలో ప్యాకెట్ సారా తాగి 60 మందికి పైగా చనిపోయారు. దాంట్లో కలిసింది మిథనాలే. ‘మావాడు తెచ్చిందే, బాగానే ఉంది’ అనే మాట ప్రాణం కాపాడదు.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. షాపులో అమ్మే చౌక విస్కీ, బ్రాందీలో ఎక్కువ భాగం ఏంది? మొలాసిస్ నుంచో ధాన్యం నుంచో తీసిన స్పిరిట్. దానికి నీళ్లు, ఫ్లేవర్, కారమెల్ రంగు. కంపెనీ కలిపితే అది బ్రాండ్. 2024 అక్టోబర్‌లో మన రాష్ట్రంలో కొత్త మద్యం పాలసీ వచ్చింది, 99 రూపాయలకే క్వార్టర్ దొరుకుతోంది. సరిహద్దు దాటితే కర్ణాటక టెట్రా ప్యాకెట్. 2007లో అక్కడ సారా నిషేధించారు, తాగుడు మాత్రం ఆగలేదు, డబ్బా మారింది అంతే. గోవా జీడిమామిడి ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మధ్యప్రదేశ్‌లో ఆదివాసీ సంఘాలు ఇప్పసారాను లైసెన్సుతో ‘హెరిటేజ్’ పేరు మీద అమ్ముతున్నాయి. అంటే ఇంటి సారా మీద పేరు, పరీక్ష, బాధ్యత ఉంటే ప్రభుత్వాలే దాన్ని సంపద అంటున్నాయి. మన దగ్గర మాత్రం 1986 నాటి పీడీ చట్టం పేరులోనే సారా కాసేవాళ్లను బందిపోట్ల పక్కన నిలబెట్టారు. సుగాలి, ఎరుకల జాతులను పుట్టుకతోనే నేరస్థులన్న బ్రిటిష్ చట్టం 1952లో రద్దయింది. ఆ చూపు ఇంకా రద్దు కాలేదు.

2025లో ప్రభుత్వం ‘నవోదయం 2.0’ పేరుతో నాటుసారా నిర్మూలన మొదలుపెట్టింది. నిర్మూలించండి, కాదనం. కానీ డ్రమ్ము పగలగొట్టినంత మాత్రాన పని పుట్టదు. వాన లేక, పని లేక మన తండాలు సుగ్గికి గుంటూరు మిరప చేలకు, బెంగళూరు కట్టడాలకు పోతున్నాయి. ఊళ్లో మిగిలిన ముసలమ్మకు, ఒంటరి ఆడమనిషికి బట్టీ ఒక్కటే ఆధారమైతే ఆ కేసు ఎవరి మీద పెట్టాలి?

మరి నిర్ణయం ఎవరిది? 1996 పెసా చట్టం మత్తు పదార్థాలను నిషేధించే, నియంత్రించే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. కానీ అది అయిదో షెడ్యూల్ ప్రాంతాలకే. ఆదోని, ఎమ్మిగనూరు తండాలు దాని బయట ఉన్నాయి. ఇక్కడ మనం ఎస్టీలమే, మన సభకు మాత్రం ఆ హక్కు లేదు. పోరాడాల్సింది ఇక్కడ.

ఆ సభలో మొదటి మాట ఆడవాళ్లది కావాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు లేస్తేనే, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్ అయింది. అప్పుడు ముఖ్యమంత్రి మన కర్నూలు జిల్లావాడే, కోట్ల విజయభాస్కర్ రెడ్డి. కదిలించింది మాత్రం చదువు నేర్చుకుంటున్న పేద ఆడవాళ్లు.

కాబట్టి యువత చెయ్యాల్సిన పనులు మూడు. యూరియా, నవాసారం కలిపే వ్యాపారాన్ని, దానికి పెట్టుబడి పెట్టేవాళ్లను తండాలో నిలదీయండి, వాళ్లు మనవాళ్లయినా సరే. కేసు పడిన ఇంటికి ఉపాధి పని, అప్పు, భూమి చూపించమని అధికారులను లెక్క అడగండి. సారా ఉండాలా వద్దా, ఉంటే ఎట్లా అనేది తండా సభే తేల్చేలా పెసా లాంటి హక్కును మైదాన ప్రాంత తండాలకూ ఇవ్వమని అర్జీలు పెట్టండి.

సభ కూర్చుని ‘పూర్తిగా వద్దు’ అంటే వద్దే. అది మనం అనుకున్న మాటైతే నిలబడుతుంది. పైనుంచి వచ్చి డ్రమ్ము పగలగొట్టి పోతే, వారం తిరక్కుండా ఇంకో డ్రమ్ము వస్తుంది.

జై సేవాలాల్. జై ఆదివాసీ.