గుమ్మంలో కాపలా కాసే నీలం రంగు

పోయినేడాది మా అత్తగారికి మోకాలి ఆపరేషన్ జరిగింది. ఆపరేషన్ బాగానే అయింది. ఇంటికొచ్చిన పదో రోజున కుట్ల దగ్గర ఎర్రబడి చీము పట్టింది. మళ్ళీ ఆస్పత్రికి పరుగు. చీము తీసి పరీక్షకి పంపితే మూడో రోజుకి రిపోర్టు వచ్చింది. ఒక పక్క మందుల పేర్లు, వాటి ఎదురుగా 'ఎస్' అనో 'ఆర్' అనో ఒక్కో అక్షరం. 'ఎస్' అంటే ఆ మందుకి క్రిమి లొంగుతుంది, 'ఆర్' అంటే లొంగదు అని డాక్టరమ్మగారు చెప్పారు. పైనుంచి కిందికి వేలు పెట్టి చూసుకుంటూ పోయాను. ఆర్, ఆర్, ఆర్... పదకొండు మందుల్లో 'ఎస్' ఉన్నవి మూడే మూడు! ఆ మూడింట్లో ఒకటి పనిచేసి ఆవిడకి గండం గడిచింది. కానీ ఆ కాగితం మాత్రం నా కళ్ళముందు నుంచి పోలేదు.

ఇది మా ఒక్క ఇంటి గొడవ కాదు. మందులకి లొంగని బాక్టీరియా వల్ల 2019లో ప్రపంచం మొత్తం మీద 12 లక్షల 70 వేల మంది నేరుగా ప్రాణాలు పోగొట్టుకున్నారని 2022లో 'లాన్సెట్' వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్క తేల్చింది. ఇలాగే సాగితే 2025 నుంచి 2050 లోపల 3 కోట్ల 90 లక్షల మంది పోతారని 2024లో అదే పత్రికలో మరో అంచనా వచ్చింది. కొత్త యాంటీ బయాటిక్‌లు వచ్చేది ఎప్పుడో ఒకటి. అందుకే శాస్త్రవేత్తలు వేరే దారులు వెతుకుతున్నారు. వాటిలో ఒకటి నిజానికి చాలా పాత దారి. రంగూ, వెలుగూ!

ఆ రోజు వెలుతురు ఎక్కువ!

జర్మనీలోని మ్యూనిక్ నగరంలో ఆస్కార్ రాబ్ అనే వైద్య విద్యార్థి ఉండేవాడు. నీటిలో బతికే పారమీసియం అనే ఏకకణ జీవుల మీద ఆక్రిడిన్ అనే రంగు ఎలా పనిచేస్తుందో చూస్తున్నాడు. ఒక రోజు అవి తొందరగా చచ్చిపోయాయి. ఇంకో రోజు అదే రంగు, అంతే మోతాదు వేసినా చాలాసేపు బతికాయి. తేడా ఎక్కడుందా అని ఆలోచిస్తే, గదిలోని వెలుతురులో ఉందని తేలింది. చీకట్లో ఏ హానీ చేయని రంగు వెలుగులో ప్రాణం తీస్తోంది! 1900లో ఆయన ఈ సంగతి ప్రచురించాడు. తర్వాత పెన్సిలిన్‌లాంటి మందులు వచ్చేసరికి, క్రిముల మీద ఈ ఉపాయాన్ని పట్టించుకున్నవాళ్ళు తగ్గిపోయారు.

ఇప్పుడు ఈ పనికి ఎక్కువగా వాడేది మిథిలీన్ బ్లూ. ఇది 1876లో బట్టల అద్దకం కోసం తయారుచేసిన నీలం రంగు. దీన్ని క్రిమి ఒంటికి అంటించి ఎర్రటి వెలుగు చూపిస్తారు. రంగు ఆ వెలుగులోని శక్తిని తీసుకుని పక్కనున్న ఆక్సిజన్‌కి అందిస్తుంది. తాను ఉన్నచోటే ఉండి పక్కవాణ్ణి ఉసిగొల్పే రకం అన్నమాట! అలా రెచ్చిపోయిన ఆక్సిజన్ సెకనులో లక్షల వంతు కాలమే బతుకుతుంది. అంత లోపలే చేతికందినదాన్నల్లా పాడుచేస్తుంది. క్రిమి పైపొర, లోపలి ప్రొటీన్లు, దాని డి.ఎన్.ఎ. ఏదీ మిగలదు.

యాంటీ బయాటిక్‌కీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. యాంటీ బయాటిక్ తాళంచెవి లాంటిది. క్రిమిలో ఒక తాళానికే అది పడుతుంది. క్రిమి తెలివిగా తాళం మార్చుకుందా, చెవి పనికిరాదు. రంగు, వెలుగు కలిసి చేసే పని ఇంటికి నాలుగు వైపులా నిప్పు పెట్టడం లాంటిది. ఏ తాళం మార్చుకుని ఏం లాభం? అందుకే దీన్ని తట్టుకోవడం నేర్చుకోవడం క్రిమికి చాలా కష్టం. మందులకి లొంగని మొండి క్రిములు కూడా దీనికి చస్తాయి.

ముక్కులో దీపం

కెనడాలోని వాంకూవర్ జనరల్ హాస్పిటల్‌లో దీన్ని నిజంగానే వాడి చూశారు. మనలో పదిమందిలో ముగ్గురి ముక్కులో స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా కాపురం ఉంటుంది. ఊరికే ఉన్నన్నాళ్ళూ దానివల్ల నష్టం లేదు. ఆపరేషన్ కోతలోకి చేరిందంటేనే చీము, జ్వరం, మళ్ళీ ఆస్పత్రి. 2011లో అక్కడి డాక్టర్లు ఆపరేషన్‌కి ముందు రోగి ముక్కు లోపల మిథిలీన్ బ్లూ పూసి, కొద్ది నిమిషాలు ఎర్ర వెలుగు పెట్టడం మొదలుపెట్టారు. దాంతోపాటు క్లోర్‌హెక్సిడిన్ అద్దిన గుడ్డతో ఒళ్ళు తుడిచారు. అలా 3,068 మందికి చేశాక చూస్తే, ఆపరేషన్ గాయానికి చీము పట్టడం నూటికి 2.7 నుంచి 1.6కి తగ్గింది. 2014లో ఈ వివరాలు వెలువడ్డాయి. రెండు పనులూ కలిపి చేశారు కాబట్టి గొప్పంతా ముక్కులో పెట్టిన దీపానిదే అనలేం. అయినా వెయ్యిమందిలో పదకొండు మంది మా అత్తగారు పడ్డ బాధ తప్పించుకున్నారంటే చిన్న విషయమా?

చిగుళ్ళ జబ్బుకి కొందరు దంతవైద్యులు ఇదే పద్ధతి వాడుతున్నారు. మన పసుపులోని కర్క్యుమిన్ కూడా నీలి వెలుగు పడితే క్రిముల్ని చంపుతుందని ప్రయోగాల్లో తేలింది. అలాగని గాయానికి పసుపు పూసుకుని ఎండలో కూర్చోకండి! ఎంత రంగు, ఏ వెలుగు, ఎంతసేపు అన్నది కొలిచి చేసే పని ఇది.

లోపలికి వస్తే?

మరి ఇంక యాంటీ బయాటిక్‌లతో పనేముంది అనుకుంటే పొరపాటే. రంగు చేరాలి, వెలుగు చేరాలి, ఆక్సిజన్ ఉండాలి. ఎర్ర వెలుగు కూడా మన ఒంట్లోకి కొద్ది మిల్లీమీటర్ల లోతుకే బాగా వెళ్తుంది. ముక్కు, నోరు, చర్మం, పైగాయం వరకే దీని అధికారం. ఊపిరితిత్తుల్లో న్యుమోనియాకీ, బాలింతకి రక్తంలో విషం ఎక్కినప్పుడూ ఈ దీపం పనికిరాదు. ఇది గుమ్మంలో కాపలావాడు మాత్రమే. దొంగ లోపలికి వచ్చాడా, అప్పుడు మనకి దిక్కు ఆ పాత మందులే. వాటిని మొద్దుబారకుండా చూసుకోవడమే అసలు సంగతి.

ఈ మాట పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945 డిసెంబరులోనే, నోబెల్ ఉపన్యాసంలో చెప్పాడు. ఊహించి ఒక కథ కూడా చెప్పాడు. ఒకాయన గొంతునొప్పికి సొంతంగా పెన్సిలిన్ కొనుక్కుని చాలీచాలకుండా వేసుకుంటాడు. క్రిములు చావకపోగా మందుని తట్టుకోవడం నేర్చుకుంటాయి. అవి భార్యకి అంటుకుంటాయి. ఆవిడకి న్యుమోనియా వస్తుంది, పెన్సిలిన్ పనిచేయదు, ఆవిడ చచ్చిపోతుంది. అరకొర మందు వేసుకున్నది భర్త, పోయింది భార్య!

తప్పంతా మన ఇళ్ళలోని మందుల డబ్బాలదే అంటే ఒప్పుకోను. పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల మురుగుని శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్టు 2007లో స్వీడన్ పరిశోధకులు బయటపెట్టారు. ఆ మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో కూడా అంత ఉండదు. అలాంటి నీళ్ళలో పెరిగిన క్రిమి మొండిది కాక ఏమవుతుంది? దాన్ని అదుపు చేయాల్సింది ప్రభుత్వం. మన చేతిలో ఉన్నది మనం చేద్దాం.

స్ట్రిప్పు మీద నిలువు ఎర్రగీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా వాడకూడదని 2016లో కేంద్ర ప్రభుత్వం ప్రచారం చేసింది. ఆ గీత చూసుకోండి. జలుబుకి యాంటీ బయాటిక్ కావాలని డాక్టరుని మనమే అడగొద్దు. రాసినన్ని రోజులూ వేసుకోండి. పిల్లాడికి మిగిలింది దాచి పక్కింటి పాపకి ఇవ్వకండి. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అయితే, "గాయానికి చీము పట్టకుండా ముందు ఏం చేస్తారు?" అని నోరు తెరిచి అడగండి. అడగడానికి మొహమాటపడి మేం పడ్డ పాట్లు చాలు.

మా ఇంట్లో సగం వాడి వదిలేసిన స్ట్రిప్పులన్నీ ఏరిపారేశాను. మా అత్తగారి రిపోర్టు మాత్రం పారేయలేదు. మందుల డబ్బా మూతకి లోపలివైపు అంటించాను. తలనొప్పి మాత్ర కోసం ఎవరు మూత తీసినా, ముందు కనిపించేది ఆ వరసే. ఆర్, ఆర్, ఆర్.