గార తీయిస్తే పళ్ళు వదులవుతాయా?

పళ్ళు శుభ్రం చేయించుకోమంటే, "అమ్మో, గీకిస్తే పళ్ళు కదులుతాయటగా డాక్టరుగారూ!" అనేవారే ఎక్కువ. అందులో చదువుకున్నవారూ ఉన్నారు. ఈ భయం ఎలా పుట్టిందో చెబుతాను.

పంటి మొదళ్ళలో చేరే పాచి తోమితే పోతుంది. తోమగా మిగిలిన చోట మాత్రం లాలాజలంలోని సున్నపు లవణాలు చేరి, కొద్దిరోజుల్లోనే రాయిలా గట్టిపడుతుంది. అదే గార. కింది ముందుపళ్ళ వెనుక నాలుకతో తడిమి చూడండి, గరుకుగా తగిలేది అదే. బ్రష్షుగాని, వేపపుల్లగాని ఇక దాన్ని కదల్చలేవు. ఇటుకపొడి వేసి రుద్దితే అరిగేది పన్నే!

గార పట్టినచోట చిగుళ్ళు వాచి, తోమితే రక్తం వస్తుంది. నొప్పి ఉండదు గనుక ఎవరూ పట్టించుకోరు. లోపల పన్నును పట్టి ఉంచే ఎముక మాత్రం కరిగిపోతూనే ఉంటుంది. అది దానంతట అది తిరిగి పెరగదు. అలా వదులైపోయిన పళ్ళను ఒకదానికొకటి అతికించి నిలబెట్టేది ఆ గారే. దాన్ని తీయగానే అసలు సంగతి బయటపడుతుంది, నింద డాక్టరు మీద పడుతుంది. తరువాత కొన్నాళ్ళు చన్నీళ్ళకు పళ్ళు జివ్వుమన్నా కంగారు పడకండి.

మధుమేహం ఉంటే చిగుళ్ళు త్వరగా చెడతాయి. చెడిన చిగుళ్ళు చక్కెరను అదుపులోకి రానివ్వవు. ఇటువంటివారు, పొగాకు అలవాటున్నవారు ఆరు నెలలకొకసారి చూపించుకోవాలి. మిగిలినవారికి సాధారణంగా ఏడాదికొకసారి చాలు. గుండె కవాటం మార్పించుకున్నవారు, రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడేవారు ఆ సంగతి ముందే దంతవైద్యునికి చెప్పండి. మాత్రలు మీ అంతట మీరు మానకండి.