తైవాన్ పంపు మొరాయిస్తే తప్పు కార్బురేటర్‌దేనా?

సాగర్ ఎడమ కాలువ కింద నాట్లు ముగిసి, వరికి దోమ మందు కొట్టాల్సిన అదునులోనే పెద్దవూర, హాలియా, మిర్యాలగూడ వైపు వీపున మోసి మందు కొట్టే తైవాన్ పంపులు రిపేరు దుకాణాలకు చేరతాయి. యాసంగి తర్వాత మూలన పెట్టిన పంపు, నెలలు గడిచాక తాడు ఎంత లాగినా లేవదు. కార్బురేటర్ పోయింది, కొత్తది వేయాలంటారు మెకానిక్‌లు. చాలాసార్లు ఇది తొందరపాటు తీర్పు. ఇంజిన్‌కు పెట్రోలు అందడం లేదా, అందుతున్నది పనికిరాని పెట్రోలా అన్నది తేల్చకుండా సామాను మారిస్తే రైతు జేబుకు చిల్లు. ఆ పెట్రోలే మారిపోయిందని రైతుకు సరిగా చెప్పకపోవడం అంతకన్నా పెద్ద లోపం. నా అభ్యంతరం ప్రధానంగా దాని మీదే.

ఈ పంపుల్లోని టూ స్ట్రోక్ ఇంజిన్‌లో పెట్రోలు నడిచే దారి చిన్నది: ట్యాంకు, ఫిల్టరు, పైపు, కార్బురేటర్. వెతుకులాట కూడా ఆ వరుసలోనే సాగాలి. కొన్నిసార్లు తాడు లాగి ప్లగ్గు విప్పి చూస్తే సగం సంగతి బయటపడుతుంది. పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు. తడిగా ఉంటే ముందు ప్లగ్గులో కరెంటు వస్తోందో లేదో చూడాలి. ట్యాంకు మూత వదులు చేయగానే ఇంజిన్ నిలకడగా ఆడితే మూతలోని గాలి రంధ్రం పూడిందన్నమాట. దానికి పైసా ఖర్చు లేదు. చోక్ వేస్తేనే ఆడి, తీయగానే ఆగిపోతుంటే కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రంలో, అంటే జెట్‌లో, జిగురు పట్టి ఉండాలి, లేదా దాని ప్యాకింగు దగ్గర గాలి లాగుతుండాలి. నిలవ పెట్రోలు ఆవిరై మిగిల్చే జిగురు ముందుగా సన్నటి రంధ్రాలనే పూడ్చేస్తుంది. వాటిని ఇనుప తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదై కొత్త రోగం మొదలవుతుంది. క్లీనర్‌తో కడిగి గాలి కొట్టడమే సరైన పద్ధతి. కార్బురేటర్‌లోని డయాఫ్రం బిగుసుకుపోతే దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు.

ఇక పెట్రోలు సంగతి. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025 నాటికి దాదాపు అన్ని బంకుల్లో అదే మిగిలింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాతరకం రబ్బరును ఉబ్బిస్తుంది. అందులోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి, కొలత మారని జెట్ ఉన్న ఇంజిన్‌లో గాలిపాలు పెరిగినట్టవుతుంది, వేడెక్కుతుంది. పైగా టూ స్ట్రోక్‌లో ఆయిల్ వచ్చేది పెట్రోలుతోనే. జెట్ సగం పూడితే ఆయిల్ కూడా సగమే అందుతుంది, చివరకు పిస్టన్ పట్టేస్తుంది. పాత బండ్లకు రక్షణగా 10 శాతం మిశ్రమాన్ని అందుబాటులో ఉంచాలని 2021లో నీతి ఆయోగ్ నివేదికే సూచించింది. కొన్ని పాత వాహనాల్లో 20,000 నుంచి 30,000 కిలోమీటర్ల తర్వాత రబ్బరు భాగాలు మార్చాల్సి రావచ్చని 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖే చెప్పింది. వీపున మోసే పంపుకు కిలోమీటర్లెక్కడివి?

ఇథనాల్ వల్ల ముడిచమురు దిగుమతి తగ్గుతుంది, మక్కలకూ నూకలకూ గిరాకీ పెరుగుతుంది అంటారు. నిజమే, మిల్లుల ఊరు మిర్యాలగూడకు నూకల గిరాకీ చేదు కాదు. ఇథనాల్ రాకముందూ జెట్లు పూడేవి కదా అన్నదీ న్యాయమైన ప్రశ్నే. పూడేవి. అందుకే ప్రతి రిపేరునూ ఇథనాల్ ఖాతాలో వేయను. కానీ కారణాల్లో ఒకటి పెరిగినప్పుడు ఆ సంగతి చెప్పాలి, వేరే దారి చూపాలి. మొక్కజొన్న పండించే అమెరికా రాష్ట్రం మిన్నెసోటా ఇథనాల్ కలపడాన్ని తప్పనిసరి చేసింది. అయినా మంచు మీద నడిచే స్నోమొబైళ్లకు, పడవలకు, చిన్న ఇంజిన్లకు ఇథనాల్ లేని పెట్రోలు అమ్మనిస్తుంది. అవీ మన పంపుల్లాగే సీజన్ దాటితే మూలన పడుండేవే. ఆ దేశంలో 15 శాతం మిశ్రమాన్నే ఇలాంటి ఇంజిన్లలో పోయకూడదు. మన పంపులో 20 శాతం పోస్తున్నాం. ఈ20 మీద వేసిన పిల్‌ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 1న కొట్టేసిన మాట వాస్తవం. అయితే ఆ తీర్పు, ప్రభుత్వం తనంతట తాను మరో రకం పెట్రోలు అమ్మించకుండా అడ్డుపడదు.

మండలానికి ఒక్క బంకులోనైనా 10 శాతం మిశ్రమం దొరకాలి. ప్రతి బంకులో ఇథనాల్ శాతం తెలుగులో, కంటికి ఆనేలా రాయాలి. కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం వానాకాలానికి ముందే మెకానిక్‌లకూ రైతులకూ ఈ పంపుల మీద ఒక పూట శిక్షణ ఇస్తే, అదునులో పోయే రోజులు మిగులుతాయి. అప్పటిదాకా రైతు చేతిలో ఉన్నవి రెండే: ఆ రోజుకు సరిపడా పెట్రోలే కలుపుకోండి. పంట ముగిశాక ట్యాంకు వంపేసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా ఆడించి, ఆ తర్వాతే పంపును మూలన పెట్టండి.