బిడ్డను పట్టేదెవరు?

నాదర్‌గుల్‌లో లేస్తున్న కొత్త వెంచర్ల పక్కగా పొద్దున్నే నడిచేవారికి ఇది రోజూ కనిపించేదే. సెంట్రింగ్ కర్రకు చీరతో కట్టిన ఉయ్యాల, అందులో ఏడాది నిండని బిడ్డ, ఊపడానికి బడి మానిన అక్క. తల్లి ఇసుక తట్టతో రెండో అంతస్తులో ఉంటుంది. చూసి దాటిపోతూ మనం అనే మాట ఒక్కటే: ‘ఏం తల్లిదండ్రులమ్మా వీళ్లు!’

పేదింటి తల్లిదండ్రులకు పిల్లల పెంపకంపై అవగాహన సదస్సులు పెట్టాలన్న ఆలోచన చాలాసార్లు ఈ మాటలోంచే పుడుతుంది. సదస్సులతో నాకు పేచీ లేదు. తల్లికి తెలియకే బిడ్డ అక్కడ ఉందనుకోవడంతోనే పేచీ.

అది అపోహేనని రంగారెడ్డి జిల్లాలోనే ఒకసారి తేలింది. 1990లలో ఇక్కడి పల్లెల్లో పిల్లలు జీతాలకుండి పశువులు కాసేవారు, పత్తి చేలల్లో పనిచేసేవారు. పేదలకు చదువు విలువ తెలియదని, పిల్లల కూలి లేనిదే వాళ్లకు పూట గడవదని అధికారులూ మేధావులూ అనేవారు. శాంతా సిన్హా నడిపిన మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ ఇల్లిల్లూ తిరిగితే వేరే సంగతి బయటపడింది. చదివించాలని తల్లిదండ్రులకు ఉంది. ఏ ఆఫీసుకు వెళ్లాలో, ఏ కాగితం అడుగుతారో, పదేళ్ల పిల్లను ఏ తరగతిలో కూర్చోబెడతారో తెలియక ఆగిపోయారు. శిబిరాలు పెట్టి, బడిదాకా తోడు నడిస్తే పిల్లలు బడిలో నిలిచారు. 2003లో ఆమెకు మెగసెసే పురస్కారం వచ్చింది. మనం మాత్రం ఆ పాఠం మరిచిపోయి మళ్లీ ‘అవగాహన లేదు’ దగ్గరే ఆగాం.

ఇప్పుడున్న సేవల లెక్క చూద్దాం. అంగన్‌వాడీ మూడేళ్లు దాటిన పిల్లలను కూర్చోబెట్టుకుంటుంది. అంతకంటే చిన్నవాళ్లకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం ఇంటికిస్తుంది. పిండి అందుతుంది సరే, పగలంతా బిడ్డను పట్టేదెవరు? పుట్టినప్పటి నుంచి మూడేళ్లదాకా బిడ్డను ఎలా ఆడించాలో, మాట్లాడించాలో తల్లికి చెప్పడానికి 2024లో కేంద్రం ‘నవచేతన’ తెచ్చింది. మంచిదే. ఇలాంటి పనికి ఫలితం ఉంటుందని జమైకా చూపింది. 1980లలో అక్కడ ఎదుగుదల తగ్గిన పసిపిల్లల ఇళ్లకు వారానికోసారి ఆరోగ్య కార్యకర్తలు వెళ్లి, రెండేళ్లపాటు తల్లితో కలిసి ఆడించారు. ఇరవై ఏళ్లకు చూస్తే ఆ పిల్లల సంపాదన, అలాంటి తోడు దొరకని పిల్లలకంటే 25 శాతం ఎక్కువ. కానీ అక్కడ కార్యకర్త వెళ్లేసరికి తల్లి ఇంట్లో ఉంది. ఇక్కడ అంగన్‌వాడీ టీచరమ్మ వచ్చే వేళకు రేకుల షెడ్డుకు తాళం.

ఇక డబ్బు సాయం. మిషన్ వాత్సల్య కింద భర్త పోయిన, వదిలేసిన తల్లుల పిల్లలకు నెలకు 4 వేలు ఇస్తారు. పట్టణంలో కుటుంబ ఆదాయం ఏడాదికి 96 వేలు మించకూడదు, అంటే నెలకు 8 వేలు. రోజుకు ఐదొందల కూలితో నెలలో ఇరవై రోజులు పని దొరికిన ఒంటరి తల్లి ఆ గీత దాటేసినట్టే! ఆ పదివేలలోనే షెడ్డు అద్దె, బియ్యం, మందులు. ఇంతకీ పాలమూరు నుంచో ఒడిశా నుంచో వచ్చిన మనిషికి ఇక్కడ ఆదాయ ధ్రువపత్రం తేవడమే ఓ యుద్ధం.

భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో తెచ్చిన చట్టం 50 మందికి మించి మహిళా కూలీలున్న చోట ఆరేళ్లలోపు పిల్లలకు గది చూపాలంది. నాదర్‌గుల్‌లో ఒక ఇంటి దగ్గర ఆరుగురు, ఇంకో అపార్ట్‌మెంట్ దగ్గర పదిమంది. ఒక మేస్త్రీ కింద యాభై మంది ఆడవాళ్లు ఎప్పుడు తేలాలి? సైటు లెక్కన కాక వార్డు లెక్కన చూస్తే యాభై ఇట్టే దాటుతుంది. నిర్మాణ వ్యయంలో ఒక శాతం కార్మిక సంక్షేమ సెస్సుగా వసూలు చేస్తూనే ఉన్నారు. ఆ సొమ్ములోంచి వార్డుకొక గది అద్దెకు తీసుకుని, పొద్దున ఏడింటి నుంచి రాత్రి ఏడింటిదాకా ఇద్దరు ఆయాలను పెట్టొచ్చు. ఢిల్లీలో 1969లోనే మీరా మహదేవన్ నిర్మాణ స్థలంలో పిల్లలకు ఇలాంటి నీడ కల్పించారు, కాబట్టి ఇది కొత్తగా కనిపెట్టాల్సిన పనేం కాదు.

పెంపకం పాఠాలు ఆ గదిలోనే చెప్పొచ్చు, సాయంత్రం బిడ్డను తీసుకెళ్లడానికి తల్లి వచ్చినప్పుడు, ఓ పది నిమిషాలు. అప్పటికామె ఒంటి మీద సిమెంటు దుమ్ము ఉంటుంది. ముందు కాస్త టీ ఇచ్చి కూర్చోబెట్టాలి.