40 చుక్కల కత్తివీరుడు

తెల్లబట్టలేసుకున్న ఓ బుల్లి మనిషి. చెరసాలలో పరిగెడతాడు, గోతుల మీంచి దూకుతాడు, గోడ అంచు పట్టుకుని వేలాడతాడు. 1990ల్లో ఆఫీసు కంప్యూటరో, కంప్యూటర్‌ కోచింగ్‌ సెంటరో చూసినవాళ్లలో చాలామందికి వాడు బాగా తెలిసినవాడే... ‘ప్రిన్స్‌ ఆఫ్‌ పర్షియా’ హీరో. 60 నిమిషాల్లో రాకుమారిని కాపాడాలి. దారిలో కాపలావాడు ఎదురైతే కత్తి దూయాలి. అప్పుడు వాడి ఒంట్లో జంకూ తెగింపూ రెండూ మనకు తెలిసిపోతుంటాయి.

విచిత్రం ఏమిటంటే వాడికి చెప్పుకోదగ్గ మొహమే లేదు! తల నుంచి కాలిదాకా ఉన్నదే సుమారు 40 చుక్కలు. అందులో కళ్లెక్కడ గీస్తాం, పళ్లు కొరకడం ఎక్కడ చూపిస్తాం? మరి కోపం ఎక్కణ్నుంచి వచ్చింది?

నిలబడిన తీరులోంచి.

ముగ్గు పెట్టే అలవాటున్నవాళ్లకి ఈ పని తేలిగ్గానే అర్థమవుతుంది. చుక్కలు ఇన్నే అని ముందే లెక్క. అందులోనే పద్మమైనా రథమైనా ఇమడాలి. పిక్సెల్‌ బొమ్మా అంతే. కాకపోతే ఇక్కడ చుక్కల మధ్య గీత ఉండదు, చుక్కే గీత. ఒక్కటి ఎక్కువైతే ముక్కు పొడుగవుతుంది, ఒక్కటి తగ్గితే చెయ్యి విరిగినట్టుంటుంది.

ఈ ఆట తయారుచేసింది జోర్డాన్‌ మెక్నర్‌ అనే అమెరికా కుర్రాడు. 1985లో తమ్ముడు డేవిడ్‌కి తెల్లబట్టలేసి, పరిగెత్తించి, దూకించి వీడియో తీశాడు. ఒక్కో ఫ్రేమునీ ఫొటోగా మార్చి, మనిషి ఆకారం చుట్టూ గీత గీసి, దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఇన్ని పాట్లు పడి చేసిన ఆటలో మొదట కత్తియుద్ధం లేనే లేదు! పరుగులూ దూకుళ్లూ చాలనుకున్నాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది కానీ ఆడుతుంటే ఉత్కంఠ లేదు. ‘పోరాటం పెట్టు’ అని టోమీ పియర్స్‌ అనే సహోద్యోగి పోరుపెట్టింది. పెడదామంటే చోటేదీ? ఆపిల్‌ 2 కంప్యూటర్‌ మెమరీ మొత్తం కలిపి 128 కిలోబైట్లు. ఇవాళ ఫోన్లో తీసే ఒక్క ఫొటోకీ చాలదది. కొత్త శత్రువుని గీయడానికి జాగా లేక, హీరో బొమ్మనే ఒక్క చుక్క పక్కకు జరిపి దానిమీదే కలిపేస్తే... మిలమిలలాడే నీడ మనిషొకడు పుట్టుకొచ్చాడు. ఆ తరవాతే ఎలాగో మెమరీ మిగిల్చి కాపలావాళ్లనీ తెచ్చాడు.

సరే, పరుగుకి తమ్ముడున్నాడు. కత్తియుద్ధానికి ఎవరు? మనకు కత్తి కాంతారావు ఎలాగో, హాలీవుడ్‌కి ఎరోల్‌ ఫ్లిన్‌ అలాగ. 1938 నాటి ‘ద అడ్వెంచర్స్‌ ఆఫ్‌ రాబిన్‌హుడ్‌’లో ఫ్లిన్‌, బాసిల్‌ రాత్‌బోన్‌ తలపడే చివరి పోరాటాన్ని మెక్నర్‌ పదేపదే చూశాడు. అంత పోరాటంలో అతనికి అక్కరకొచ్చింది ఆరు సెకన్లు! ఇద్దరూ తల నుంచి పాదం దాకా, సరిగ్గా పక్కనుంచి కనిపించేది అంతసేపే మరి.

పక్కనుంచే ఎందుకు? కత్తి మనవైపు తిరిగితే ఒట్టి చుక్కయిపోతుంది. ఛాతీకి అడ్డంగా వస్తే ఒంట్లో కలిసిపోతుంది. తోలుబొమ్మలాటలో చాలా పాత్రలు పక్కకు తిరిగి ఉండటం వెనకా ఈ లెక్కే కనిపిస్తుంది నాకు. తెరమీద పడేది ఆకారమే కాబట్టి చెయ్యి ఒంటికి దూరంగా ఉంటేనే చెయ్యి. పిక్సెల్‌ కళాకారులు ఇప్పటికీ చేసే పరీక్ష ఇదే. బొమ్మనంతా నల్లగా నింపేసి చూస్తారు. అప్పుడూ ‘వీడు కొట్టబోతున్నాడు’ అని తెలిస్తే సరే, లేదంటే మళ్లీ మొదటికి.

ఇంకో సంగతి. నిజం ఫెన్సింగ్‌లో కదలికలు చిన్నవి, వేగం ఎక్కువ. తెలియనివాళ్లకి ఎవరు ఎవర్ని పొడిచారో కూడా అంతుచిక్కదు. సినిమాలో పొడవడం కోసం కాదు, మనకు కనపడటం కోసం కత్తి తిప్పుతారు. ఆ అబద్ధమే ఆటకి పనికొచ్చింది. ఫొటోలన్నీ పరుచుకుని చూసి, ఆ హడావుడిలో మళ్లీ మళ్లీ వచ్చే భంగిమలేవో మెక్నర్‌ పట్టుకున్నాడు. ముందుకి అడుగు, వెనక్కి అడుగు, పోటు, అడ్డుకోవడం... ఆట మొత్తం ఆ కాసిన్ని కదలికల మీదే నడుస్తుంది.

మీ ఇంట్లో బొమ్మలేసే పిల్లలుంటే గళ్ల నోట్‌బుక్కు ఇచ్చి ఓ కత్తివీరుణ్ని గీయమనండి. మొదట ఇంత పొడుగు కత్తి గీసి, మనిషిని మాత్రం కరెంటు స్తంభంలా నిలబెట్టే అవకాశమే ఎక్కువ. కత్తిని వదిలేసి నడుము చూడమని చెప్పండి. మోకాళ్లు వంచి బరువంతా వెనక కాలిమీద వేస్తే జంకుతున్నాడని అర్థం. తలని రెండు గళ్లు ముందుకి జరిపితే అదే మనిషి మీదకొస్తాడు. దెబ్బ కొట్టేటప్పుడు కత్తి గాల్లో ఎలా వెళ్లిందన్నది అంత ముఖ్యం కాదు, అక్కడ ఒక తెల్లటి వంపు గీత చాలు. కొట్టేముందు వెనక్కి లాగిన చెయ్యీ, కొట్టాక ముందుకి సాగిపోయిన ఒళ్లూ... ఈ రెండూ కుదరాలి. కట్టెలు కొట్టేవాళ్లని చూడండి, మన కంటికి ఆనేవి ఎత్తిన గొడ్డలీ, దిగిన గొడ్డలీనే.

అన్నట్టు, ఆ నీడ మనిషి కథ మిగిలిపోయింది. చివరి స్థాయిలో వాడు కత్తితో ఎదురొస్తాడు. మనం పొడిస్తే మన ప్రాణమే తగ్గుతుంది, వాడు మనమే కదా! అప్పటిదాకా ఆట నేర్పింది ఒక్కటే: కత్తి దూయకుండా దొరికితే ఒక్క పోటుకే చావు. అయినా ఇక్కడ చేయాల్సింది కత్తి దించేయడమే. డాస్‌ వెర్షన్‌లో కింది బాణం నొక్కాలి. వేలు వణుకుతుంది. మనవాడి మోకాళ్లు నిటారవుతాయి, చెయ్యి కిందికి వాలుతుంది. ఎదురుగా వాడూ కత్తి దించేస్తాడు. ఇక ఒకరి వైపు ఒకరు పరిగెత్తడమే... ఇద్దరూ ఒక్కరైపోతారు.