పడకకు బీమా ఉంది, మాత్రకు లేదు

గుండెపోటు వచ్చిన కూలీకి ఆరోగ్యశ్రీ కార్డు మీద స్టెంటు వేస్తారు. అంతకు ముందు పదేళ్లపాటు అతను వేసుకోవలసిన బీపీ మాత్రలకు ఆ కార్డు పనికిరాదు. మన దేశంలో పేదల వైద్యానికి ప్రభుత్వాలు వెచ్చిస్తున్న సొమ్ము ఎటు పోతోందో తెలియాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఆరోగ్యశ్రీని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది మొదలయ్యేదాకా గుండెకు రంధ్రం ఉన్న బిడ్డను కార్పొరేట్ ఆస్పత్రికి తీసుకెళ్లడం పేద తల్లిదండ్రుల ఊహకు కూడా అందేది కాదు. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ కూడా కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయలతో ఇదే బాట పట్టింది. ఆ తర్వాత పోటీ అంతా పరిమితి మీదే సాగింది. 2023 డిసెంబరు ఒక్క నెలలోనే తెలంగాణ దాన్ని 10 లక్షలు చేస్తే, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలు చేసింది. అంత ఖర్చయ్యే జబ్బు ఏ కొద్ది ఇళ్లకో వస్తుంది. బీపీ, షుగర్ లేని వీధి మాత్రం ఇప్పుడు లేదు. ఈ పథకాలు ప్రధానంగా ఆస్పత్రిలో చేరినవారి కోసం రాసుకున్నవి. ఓపీ చీటీ, రక్తపరీక్ష, నెలనెలా కొనే మందులు చాలావరకు వాటి బయటే ఉండిపోయాయి. మన ఇళ్లలో వైద్యం పేరిట చేతి నుంచి పోయే డబ్బులో పెద్ద వాటా ఈ మందులదే.

జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం, దేశంలో మొత్తం వైద్య వ్యయంలో ప్రజలు సొంత జేబు నుంచి పెట్టేది 2013–14లో 64.2 శాతం. 2021–22 నాటికి అది 39.4 శాతానికి తగ్గింది. సంతోషించవలసిన మార్పే. కాకపోతే కొవిడ్ టీకాలు, చికిత్సలు ప్రభుత్వ ఖర్చును పెంచిన కాలం కూడా అదే. ఆ ఏడాది కూడా ప్రభుత్వాలన్నీ కలిసి ఆరోగ్యం మీద పెట్టింది జీడీపీలో 1.84 శాతమే. 2025 కల్లా 2.5 శాతానికి చేరాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం పెట్టుకున్న గడువు దాటిపోయింది.

ఉద్దానం సంగతి చూడండి. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల కొబ్బరి, జీడి తోటల మధ్య కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా మనుషులను తినేస్తోంది. దానికి కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు. ఒకప్పుడు డయాలిసిస్ కావాలంటే విశాఖపట్నం పోవలసి వచ్చేది. తర్వాత సోంపేట, పలాస, కవిటిలోనే యంత్రాలు పెట్టారు. 2023 చివరలో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. డయాలిసిస్ మీద ఉన్నవారికి నెలనెలా పింఛను కూడా వస్తోంది. ఇవన్నీ ఆ ప్రాంత ప్రజలు పోరాడి తెచ్చుకున్నవి.

అయినా ఇవన్నీ కిడ్నీ పాడయ్యాక అందే సాయాలు. ఈ జబ్బు చాలా దూరం ముదిరేదాకా నొప్పి తెలియదు. ఏటా ఒక క్రియాటినిన్ పరీక్ష, బీపీ అదుపు, ఒళ్లునొప్పులకు మెడికల్ షాపులో బిళ్లలు కొని మింగొద్దని చెప్పే మనిషి ఉంటే, డయాలిసిస్ కుర్చీని చాలామంది ఏళ్ల తరబడి వాయిదా వేయగలరు. కానీ దినకూలీ ఒంట్లో బాగున్న రోజున పని మానుకుని పరీక్షకు రాడు. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటల చొప్పున యంత్రానికి అతుక్కుపోయే దశ వచ్చాక అతని కూలీతోపాటు తోడు వచ్చిన భార్య కూలీ కూడా పోతుంది. ఏ ప్యాకేజీ దాన్ని లెక్కగట్టదు.

బీపీ, షుగర్ మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో (పీహెచ్‌సీల్లో) ఉచితమే కదా అని అధికారులు అంటారు. నిజమే, జాబితాలో ఉన్నాయి. మందు ఒక నెల ఉండి మరో నెల లేకపోతే, ఓపీ ముగిసే వేళకు కూలీ ఇంకా పొలంలోనే ఉంటే, ఆ ఉచితం ఎవరికి? ఊళ్లో రాత్రి ఎనిమిదికైనా తలుపు తీసేది ఆర్‌ఎంపీయే. ఇక మన్యంలో గర్భిణిని డోలీలో మోసుకొచ్చే దారుల గురించి ఎంత రాసినా తక్కువే. చుట్టుపక్కల ఊళ్లకు పెద్ద దిక్కయిన సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఉండవలసిన స్పెషలిస్టులకు దేశవ్యాప్తంగా దాదాపు 80 శాతం మేర కొరతేనని 2021–22 గ్రామీణ ఆరోగ్య గణాంకాలు చెప్పాయి. డాక్టరు లేనిచోట కార్డు మీద ఎన్ని లక్షలు రాసి ఉన్నా రోగిని నగరానికి పంపించడమే జరుగుతుంది.

దీనికి దారి పక్క రాష్ట్రంలోనే ఉంది. తమిళనాడు మూడు దశాబ్దాల క్రితమే మందుల కొనుగోలుకు ప్రత్యేక సంస్థ పెట్టి, ఆస్పత్రుల్లో నిల్వలు తరిగిపోకుండా చూసుకుంది. 2021 ఆగస్టులో కృష్ణగిరి జిల్లాలో మొదలుపెట్టిన పథకం కింద బీపీ, షుగర్ మాత్రలను ఇంటి గుమ్మం దాకా చేరుస్తోంది. మనకూ ఆశా కార్యకర్తలున్నారు, ప్రతి గడపా వాళ్లకు తెలుసు. వాళ్లను ఇంకా స్వచ్ఛంద సేవకులంటూ ప్రోత్సాహకాలతో సరిపెట్టకుండా జీతమిచ్చి ఈ పని అప్పగించాలి. పీహెచ్‌సీ ఓపీని వారంలో కొన్ని రోజులైనా సాయంత్రం నడపాలి. వచ్చే బడ్జెట్ సమావేశాల్లో ఆరోగ్య పద్దు చర్చకు వచ్చినప్పుడు ప్రతి ఎమ్మెల్యే తన నియోజకవర్గంలోని పీహెచ్‌సీల్లో గత ఏడాది బీపీ, షుగర్ మందులు ఎన్ని రోజులు నిండుకున్నాయో మంత్రిని అడిగి, ఆ లెక్క సభ ముందు పెట్టించాలి.